వేణువు – గుమ్మటము – గిడ్డంగి

మన పాఠశాలలో పిల్లనగ్రోవి వాయించు బాలురు ఇద్దరు ముగ్గురు ఎప్పుడును ఉందురు. వారు గురువుకడ కూర్చుండి నేర్చినవారు కారు. జాతరలో కొన్న వెదురుగొట్టమును పెదవి కానించి, విన్న పాటను వ్రేళ్లతో వెదకికొనుచు నేర్చినవారు. అట్టివారిలో ఒకని తండ్రి మమ్మడిగిన ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము. "సారూ, మావాడు ఊదింది రికార్డు చేసి పంపాలంట. పట్నంలో స్టూడియో వాళ్లు గంటకింత అని అడుగుతున్నారు. అంత మావల్ల కాదు. ఇంట్లో ఫోన్లో పడితే వీడు ఊదినట్టే లేదు. ఏం చేయమంటారు?"

చోటు మార్చుడని ఆయనకు చెప్పితిమి. ఏ చోటు, ఏల, అక్కడ ఏమి వాయింపవలెను అనునది మాత్రము ఒక్కమాటలో తేలునది కాదు. మా విద్యార్థులకును, తల్లిదండ్రులకును కొంత వివరముగా చెప్పుట మంచిదని తలంచితిమి.

మొదట పేరును గూర్చి ఒక చిన్నమాట. మనము పిల్లనగ్రోవి యందుము. మన చుట్టునున్న కన్నడిగులు కొళలు అందురు. తమిళులు కుళల్ అందురు. గ్రోవి యనగా గొట్టము. ఈ మూడు మాటలును ఒకే కుదుటినుండి వచ్చినవి. ఇంట తెలుగును, బజారున కన్నడమును మాటలాడు మన పిల్లలకు ఈ సంగతి మిక్కిలి సులభముగా బోధపడును.

ఆ గొట్టమునుండి వచ్చు ధ్వని స్వభావము తెలిసిననే గాని చోటు సంగతి తెలియదు. నాదస్వరము ఊరి పొలిమేరవరకు వినబడును. వేణువు అట్టిది కాదు. దాని మంద్రస్థాయి మిక్కిలి మెత్తనిది. మూలస్వరముతో కూడి వచ్చు ఉపస్వరములును తక్కువ. వీణతంత్రి మీటిన తరువాత కొంతసేపు మ్రోగుచునే యుండును గాని, వేణువులో ఊపిరి ఆగిన క్షణమున నాదము ఆగిపోవును. కావున వేణుగానములో ఊపిరి తీసికొను ఎడములు బయటపడుచుండును. గొప్ప విద్వాంసులు ఆ ఎడములనే అందముగా మార్చుకొందురు. నేర్చుకొను పిల్లవానికి అవి గుంటలవలె కనబడును.

ఇప్పుడు ఆ పిల్లవాని యిల్లు చూడుడు. చిన్నగది, మంచము, పరుపులు, దండెముమీద బట్టలు, మూలను బియ్యపుసంచి. ఇవన్నియు శబ్దమును పీల్చుకొనునవి. వేణువునుండి బయలుదేరిన నాదము గోడను తాకి మరల చెవికి రాకముందే బట్టలలో ఇంకిపోవును. మిగిలినది ఊదుడు చప్పుడు, వ్రేలి చప్పుడు, ఫ్యాను చప్పుడు. ఫోనులో వినబడినది అదియే. పిల్లవాడు చెడ్డగా ఊదలేదు. గది వానికి ఏమియు తోడ్పడలేదు.

మనము వినునది వేణువు నొక్కదానినే యని తలంతుము. నిజమునకు వినునవి రెండు. ఒకటి గొట్టమునుండి నేరుగా చెవికి వచ్చు నాదము. రెండవది గోడలను, పైకప్పును, నేలను తాకి మరలివచ్చు నాదము. ఈ రెండవదానికి కాలమే ప్రాణము. గాలిలో శబ్దము సెకనుకు సుమారు 345 మీటర్లు పోవును. మొదటి ధ్వనికిని మరలివచ్చిన ధ్వనికిని సెకనులో పదవవంతు ఎడమున్నగాని చెవి వానిని వేరువేరుగా గుర్తింపదని పాఠ్యపుస్తకములో చదివితిరి. అనగా గోడ 17 మీటర్లకు దూరముననున్న ప్రతిధ్వని వినబడును. అంతకు దగ్గరనున్నచో మరలివచ్చిన ధ్వనులు ఒకదానిమీద నొకటి పడి, మొదటిదానితో కలిసి, తోకవలె సాగును. ఈ తోకకే ప్రతినాదమని పేరు.

ఈ తోక పొడవును మొదట లెక్కకు తెచ్చినవాడు వాలెస్ సాబిన్ అను అమెరికా దేశపు భౌతికశాస్త్రాచార్యుడు. హార్వర్డు విశ్వవిద్యాలయమున 1895లో ఒక క్రొత్త ఉపన్యాసశాల తెరువబడినది. అందు మాట్లాడిన మాట ఎవరికిని అర్థము కాకపోయెను. ఒక మాట పలికిన అది ఐదున్నర సెకనులపాటు గదిలో తిరుగుచునే యుండెడిది. అంతలో ఉపన్యాసకుడు పది పదునైదు మాటలు పలికెడివాడు. దీనికి మందు కనుగొనుమని సాబిన్‌ను నియోగించిరి. ఆయన రాత్రులందు, వీధి సద్దణగిన పిమ్మట, ఒక ఆర్గన్ గొట్టమును, కాలమానయంత్రమును పుచ్చుకొని ఆ గదిలో కూర్చుండెను. ప్రక్కనున్న నాటకశాలనుండి కుర్చీల దిండ్లను మోయించి తెప్పించి, కొన్ని కొన్నిగా పరచుచు, నాదము ఎన్ని సెకనులకు అణగునో కొలిచెను. తెల్లవారక మునుపే ఆ దిండ్లను మరల వాని చోట చేర్పవలసియుండెను. ఈ దిండ్ల మోతనుండియే నేటికిని ప్రపంచమంతట వాడుచున్న సూత్రము పుట్టినది.

ఆ సూత్రము మన తొమ్మిదవ తరగతివారు కూడ లెక్క కట్టదగినది. గది ఘనపరిమాణమును ఘనమీటర్లలో తీసికొని, 0.161తో గుణించి, గదిలోని పదార్థములు శబ్దమును పీల్చుశక్తిచే భాగింపవలెను. వచ్చిన సంఖ్య, బిగ్గరగా పుట్టిన నాదము వినరానంతగా అణగుటకు పట్టు సెకనులు. పీల్చుశక్తిని సాబిన్ తెరచిన కిటికీతో కొలిచెను. తెరచిన కిటికీనుండి పోయిన శబ్దము మరల రాదు గదా! ఒక చదరపు మీటరు తెరచిన కిటికీ ఎంత శబ్దమును పోగొట్టునో అది ఒక మానము. ఈ కొలత మా కెంతో నచ్చినది. పల్లెటూరి పిల్లవానికిని అందు అర్థము కానిదేమియు లేదు.

మన ప్రాంతమున ఈ లెక్కకు తగిన ఉదాహరణము వడ్లగిడ్డంగి. తుంగభద్ర ఎడమగట్టు కాలువ నీరు వచ్చిన తరువాత రాయచూరు జిల్లాలో వరిపంట పెరిగినది. గోదావరి, కృష్ణా, గుంటూరు ప్రాంతములనుండి వచ్చిన రైతులు క్యాంపులు కట్టుకొనిరి. వానితోపాటు రైసుమిల్లులు, గిడ్డంగులు లేచినవి. 20 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తుగల ఒక గిడ్డంగిని ఊహింపుడు. ఘనపరిమాణము 1440 ఘనమీటర్లు. గోడలు, నేల, కప్పు కలిసి 864 చదరపు మీటర్లు. సిమెంటు గోడ, గచ్చు నేల శబ్దమును పీల్చుట తక్కువ. కప్పురేకు కొంచెము ఎక్కువ పీల్చును. అన్నియు కలిపి నూటికి ఐదువంతులని పెట్టుకొన్నచో పీల్చుశక్తి సుమారు 43. లెక్కకట్టిన, ఖాళీ గిడ్డంగిలో నాదము అయిదుంబావు సెకనులకు మించి నిలుచును. అనగా హార్వర్డు ఉపన్యాసశాలతో మన గిడ్డంగి సమానమైనది! ఇక పంట వచ్చి వడ్లసంచులు పేర్చిరి. వాని పైభాగమును ప్రక్కలును కలిసి 120 చదరపు మీటర్లు బయట కనబడుచున్నవనియు, తగిలిన శబ్దములో సగము అవి పీల్చుకొనుననియు అనుకొందము. పీల్చుశక్తి 103 అగును. నాదము రెండుంబావు సెకనులకు తగ్గిపోవును. సాబిన్ దిండ్లు చేసిన పని మన ఊర వడ్లసంచులు చేయుచున్నవి.

ఇది కాగితము లెక్క మాత్రమే కాదు. మా విద్యార్థులు కొందరు ఒక మిల్లు యజమాని అనుమతితో, ఖాళీగానున్న గిడ్డంగిలో చప్పట్లు కొట్టి చూచిరి. పిదప ఒకడు పిల్లనగ్రోవి ఊదెను. ఆ నాదము విని వాడే నిలిచిపోయెను. మధ్యమస్థాయి షడ్జమమును పట్టి విడిచినంతనే, అది కప్పుక్రింద తేలుచు, ఊపిరి తీసికొను ఎడమును నింపి, పంచమము వచ్చువరకు వేచియున్నది. ఇంట కుదురని పాట అక్కడ కుదిరెను. తాళము లేని రాగాలాపన కుదిరినదని చెప్పవలెను. వెంటనే వాడు ద్రుతముగా ఒక సినిమాపాట ఎత్తుకొనెను. అది గందరగోళమై పోయెను.

ఆ గందరగోళము ఎట్లు పుట్టినదో తెలిసికొనుటకు ఇంతకంటె పెద్ద కట్టడమొకటి మనకు పడమటి దిక్కున కలదు. విజాపురమున, ఇప్పటి పేర విజయపురమున, మహమ్మదు ఆదిల్‌షా సమాధియైన గోల్ గుంబజ్ 1656 ప్రాంతమున ముగిసినది. గుమ్మటపు లోపలి వ్యాసము ఇంచుమించు 38 మీటర్లు. క్రింద నడుమ స్తంభమొక్కటియు లేదు. ఎనిమిది తోరణములు ఒకదానితో నొకటి పెనవేసికొని ఆ బరువును గోడలకు దింపుచున్నవి. గుమ్మటము మొదట లోపలివైపున చుట్టును వరండా కలదు. అక్కడ గోడకు నోరానించి గుసగుసలాడిన, ఎదుటి ప్రక్క గోడకు చెవియొగ్గినవానికి స్పష్టముగా వినబడును. వంగిన గోడను అంటుకొని శబ్దము జారుచు పోవుటయే దీనికి కారణము. లండనులోని సెయింట్ పాల్ దేవాలయపు గుమ్మటములో ఇట్టి వింతనే మన సి. వి. రామన్ పరీక్షించి, మరియొక శాస్త్రజ్ఞునితో కలిసి 1921లో ప్రకటించెను. రామన్ బాల్యము, పాఠశాల చదువు విశాఖపట్టణమున గడచినవని మన పిల్లలు గుర్తుంచుకొందురుగాక.

ఇప్పుడు ఆ వరండాలో నిలిచి ఒకడు వేణువు వాయించుచున్నాడనుకొందము. నాదము ఎదుటి గోడకు 38 మీటర్లు పోయి, మరల 38 మీటర్లు రావలెను. 76 మీటర్లకు పట్టు కాలము 0.22 సెకను. అనగా సెకనులో నాల్గవవంతుకంటె కొంచెము తక్కువ. సంగీతము నేర్చువారు సరళీస్వరములను మూడు కాలములలో వాయింతురు గదా. తాళపు అక్షరమునకు సెకను చొప్పున పెట్టుకొన్నచో, మొదటి కాలమున స్వరమునకు ఒక సెకను. రెండవ కాలమున అరసెకను. మూడవ కాలమున పావుసెకను. మొదటి కాలమున 'స' వాయించిన, అది నాలుగుమారులు మరలివచ్చి 'రి'కి చోటిచ్చును. మూడవ కాలమున 'రి' వాయించుచున్నపుడే వెనుకటి 'స' మొగమునకు వచ్చి తగులును. 'గ' వాయించునప్పటికి 'స', 'రి' రెండును తిరుగుచుండును. అవధానము చేయువానికి కూడ అది కష్టమే.

ఇందుండి మరియొక సంగతి పుట్టుచున్నది. స్వరములు ఒకదానిమీద నొకటి నిలిచిన, ఏ స్వరముల కలయిక చెవికి ఇంపుగా నుండునో ఆ రాగమే అట్టి చోట రాణించును. మోహనరాగమున స, రి, గ, ప, ద అను ఐదు స్వరములలో ప్రక్కప్రక్కన ఇరుకుకొని యున్నవి ఏవియు లేవు. వెనుకటి స్వరము ఇంకను మ్రోగుచున్నను క్రొత్తదానితో కలహింపదు. మాయామాళవగౌళ సంగతి వేరు. అందు స-రి, గ-మ, ప-ద, ని-స అను నాలుగు జంటలును ఒక్కొక్క స్వరస్థానమే ఎడముగలవి. ఇవి గుమ్మటములో కలిసి మ్రోగిన పండ్లు పులిసినట్లుండును. పాపము, మన సంప్రదాయమున పిల్లలకు మొదట నేర్పు రాగము అదియే! పాఠము నేర్చుకొనుటకు గుమ్మటము తగదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. గమకముల సంగతి చెప్పనే అక్కరలేదు. వ్రేలిని రంధ్రముపై సగము జార్చి స్వరమును ఊపుట మన వేణువు ప్రత్యేకత. కుంభకోణము శరభశాస్త్రి (1872–1904), ఆయన శిష్యుడు పల్లడం సంజీవరావు (1882–1962) ప్రభృతులు ఈ పద్ధతిని కచేరీస్థాయికి తెచ్చిరి. ఆ సూక్ష్మమైన ఊపు, తోకపొడవు ఎక్కువయైన చోట, గోడలకు తగిలి చెదరిపోవును.

ఈ రహస్యము తెలిసి గుమ్మటములో వేణువు వాయించి ప్రసిద్ధికెక్కినవాడు పాల్ హార్న్ (1930–2014) అను అమెరికా విద్వాంసుడు. ఆయన 1968లో మన దేశమునకు వచ్చి, ఆగ్రాలోని తాజమహలులో, సమాధి మందిరపు గుమ్మటము క్రింద, రాత్రివేళ తన లోహవేణువును ఒంటరిగా వాయించి రికార్డు చేసెను. తబలా లేదు, తంబురా లేదు. అక్కడి కావలివాడు యాత్రికులకు గుమ్మటపు మహిమ చూపుటకై అప్పుడప్పుడు గొంతెత్తి పిలుచు వాడుక కలదు. ఆతని గొంతును కూడ ఆ రికార్డులో చేర్చిరి. హార్న్ వాయించినవి పెద్ద కృతులు కావు. ఒక స్వరము, ఒక మౌనము. ఆ మౌనములో గుమ్మటము పలుకును. మరల ఒక స్వరము. ఆ రికార్డు వలన ఆయనకు వచ్చిన పేరు సామాన్యమైనది కాదు. పిదప 1976లో ఈజిప్టు దేశపు మహాపిరమిడులోనికి పోయి, రాజగదిలోని రాతిపెట్టెను తట్టి, అది పలికిన స్వరమునకు తన వేణువును సరిచూచుకొని వాయించెను. చోటును అడిగి శ్రుతి పెట్టుకొనుట యన్నమాట! ఈ చిన్న పనిలో ఆయన వివేకమంతయు కనబడుచున్నదని మా అభిప్రాయము. అయినను ఆ తాజమహలు రికార్డు వినునపుడు మాకు ఒక సందేహము కలుగుచుండును: అందు మెచ్చవలసినది వేణువునా, గుమ్మటమునా? రెండింటిని విడదీయుట మాకు సాధ్యము కాలేదు.

మేము ఉపాధ్యాయ శిక్షణకై నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములోని మహబూబునగరమున నున్న దినములలో, గోలకొండ చూడబోయితిమి. అక్కడి ద్వారపు గుమ్మటము క్రింద చప్పట్లు కొట్టిన, సుమారు ఒక కిలోమీటరు దూరమున కొండపై బాలాహిస్సారు మండపములో వినబడును. శత్రువు వచ్చిన వార్తను పైకి చేరవేయుటకు ఇట్లు కట్టిరందురు. ఊరి వెలుపల తారామతి బారాదరియను పండ్రెండు వాకిండ్ల మండపము కలదు. తారామతి అక్కడ పాడిన, కోటలోనున్న అబ్దుల్లా కుతుబ్‌షాకు వినబడెడిదని కథ. కథను కథగానే తీసికొందము. నేటి హైదరాబాదు వాహనముల రొదలో ఆ పరీక్ష చేయుట యెట్లు?

రొదయే నగరములలో అసలు శత్రువు. నగరమున వేణువుకు తగిన చోట్లు లేకపోలేదు. పెద్దమేడల మెట్లదారి నిలువుగొట్టము వంటిది. అందు నాదము అంతస్తులవెంట పైకి పాకును. భూగర్భమున బండ్లు నిలుపు చోటు, వంతెన క్రిందిభాగము, రైలుపట్టాల క్రింది నడకదారి — ఇవన్నియు సిమెంటుతో కట్టిన గుహలే. మెట్లబావులు మరియొక రకము. సికిందరాబాదులోని బన్సీలాల్‌పేట మెట్లబావి చెత్తతో పూడిపోయి యుండగా, దానిని బాగుచేసి 2022 డిసెంబరులో ప్రారంభించిరి. మెట్లబావిలో నాలుగు ప్రక్కల రాయి, క్రింద నీరు, పైన ఆకాశము. రాయియు నీరును శబ్దమును మరలించును; పైనున్న ఆకాశము సాబిన్ చెప్పిన తెరచిన కిటికీ. కావున అక్కడ నాదము పుష్టిగా నుండియు గుమ్మటములో వలె అలముకొనదు. వేణువునకు మిక్కిలి అనువైనది ఇట్టి మధ్యస్థమైన చోటే.

కాని గట్టిగా చెప్పుచున్నాము: మన పొలములలోని దిగుడుబావులలోనికి గాని, ఖాళీగానున్న నీటి ట్యాంకులలోనికి గాని ఏ విద్యార్థియు నాదము కొరకు దిగరాదు. పాడుబడిన బావిలోను, మూసియుంచిన ట్యాంకులోను విషవాయువులుండును. పెద్దలు తోడులేక గిడ్డంగిలోనికిని పోరాదు. గోలకొండ, గోల్ గుంబజ్ వంటివి కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో నున్నవి. అచ్చట రికార్డు చేయుటకు ముందుగా వారి అనుమతి పొందవలెను. హంపి విఠలాలయపు సంగీతస్తంభములను తట్టుట నిషేధము. అసలు గోల్ గుంబజ్‌లో అనుమతి దొరకినను నిశ్శబ్దము దొరకదు. మేము విద్యార్థులతో పోయినపుడు యాత్రికుల కేకలు గుమ్మటము నిండ తిరుగుచు, మా మాట మాకే వినబడలేదు.

స్టూడియో అనిన కేవలము యంత్రములని మనవారు భ్రమపడుదురు. మన దేశమున 1902లో గ్రామఫోను కంపెనీ మనుష్యులు కలకత్తాలో గౌహర్‌జాన్ పాటను రికార్డు చేసినపుడు స్టూడియో యే లేదు. హోటలు గదియే స్టూడియో. కొమ్ముబూరలోనికి గొంతు చించుకొని పాడవలసియుండెను. 1925 తరువాత విద్యుత్ మైకు వచ్చుటచే మెత్తని నాదములు కూడ పట్టువడెను. రేడియో వచ్చిన పిమ్మట శబ్దమును పీల్చు గోడలతో గదులు కట్టిరి. అట్టి గదిలో తప్పు ఒక్కటియు దాగదు. అందువలననే మేము పిల్లలకు చెప్పునది: అభ్యాసము ఇంటి పరుపుల నడుమ చేయుడు; పాట గిడ్డంగిలో పాడుడు. గిడ్డంగిలోనే అభ్యాసము చేసినవాడు, తన అపస్వరములను గోడలు కప్పిపుచ్చుచుండగా, వానిని ఎన్నటికిని వినడు. ఈ కాలమున రికార్డు చేసిన పిదప యంత్రముచే కృత్రిమ ప్రతినాదమును చేర్చుటయు కలదు. అది నేరము కాదు గాని, తాను ఏ చోట వాయించుచున్నాడో ఎరిగి వాయించిన పాటకును, పిదప అద్దిన రంగునకును భేదము చెవికి తెలియును. చోటు పలుకునంతవరకు వాయించువాడు ఆగును. యంత్రము కొరకు ఎవడును ఆగడు.

రాయచూరు వేసవి గూర్చి కూడ ఒకమాట చెప్పవలెను. గాలి వేడెక్కిన శబ్దవేగము పెరుగును; దానితోపాటు వేణువు శ్రుతి పైకి పోవును. పుష్యమాసపు తెల్లవారున 18 డిగ్రీలు, వైశాఖపు మధ్యాహ్నమున 40 డిగ్రీలు అనుకొందము. గొట్టములోని గాలి బయటి వేడిమినే పొందినచో, శ్రుతి భేదము షడ్జమమునకును శుద్ధరిషభమునకును గల ఎడములో సగమునకు మించును. మన ఊపిరి ఎల్లపుడును వెచ్చనిదే కనుక వాస్తవమున భేదము ఇంతకు తగ్గును. అయినను చెవికి తెలియునంత యుండును. విద్యుత్ శ్రుతిపెట్టెకు వేసవి యని, చలికాలమని లేదు. కావున రెండును కలియకున్న పిల్లవానిని కోపపడక ముందు ఎండను చూడుడు. రేకుల గిడ్డంగి మధ్యాహ్నమున పొయ్యివలె నుండును. తెల్లవారుజామున, ట్రాక్టర్లును మోటార్లును కదలక మునుపే, పని ముగింపవలెను.

ఫోనుతో రికార్డు చేయునపుడు దానిని నోటికి ఎదురుగా పెట్టరాదు. ఊపిరి గాలి మైకుకు కొట్టి బుసబుస వినబడును. ప్రక్కగా, మూడు నాలుగు అడుగుల దూరమున, మడిచిన తువాలుమీద పెట్టవలెను. నేరుగా వచ్చు నాదము, దూరము రెట్టింపైనకొలది, నాల్గవవంతుకు తగ్గును. ప్రతినాదము గది యంతట ఇంచుమించు ఒకే తీరున నుండును. కనుక ఫోనును దగ్గరకు తెచ్చిన వేణువు, దూరము జరిపిన గది హెచ్చుగా వినబడును. ఒకే పాటను మూడు అడుగుల, ఆరు అడుగుల, పండ్రెండు అడుగుల దూరములలో పట్టి వినుడు. చెవియే తగినది చెప్పును. కాల్స్ రాకుండ ఫోనును విమానస్థితిలో నుంచవలెను. ఏ పాటయైనను ముగిసిన తరువాత నాదము పూర్తిగా అణగువరకు కదలకుండ నిలువవలెను. పిల్లలకు ఇదియే అన్నిటికంటె కష్టమైన పని.

ఇంతగా చెప్పుటకు మాకు ఒక కారణము కలదు. మన ప్రాంతపు క్యాంపులలో భజనమండళ్లకు వేణువు వాయించు వృద్ధులు ఉండెడివారు. అట్టివా రొకరు, తమ తండ్రులనాడు కోస్తానుండి బండ్లమీద వచ్చినప్పటి పాటలను ఎరిగినవారు, నిరుడు కాలము చేసిరి. ఆయన ముఖచిత్రములు పెండ్లి ఆల్బములలో పదియైనను కలవు. ఆయన వాయించిన పాట ఒక్కటియు, ఊరంతటిలో ఒక్క ఫోనులోనైనను లేదు. ఊరిలో ఇన్ని ఫోనులుండియు! స్టూడియోకు పోవలెననియు, దానికి డబ్బు కావలెననియు అందరును వాయిదా వేసిరి. ఆయన రాత్రులు కూర్చుండిన రామమందిరపు రాతి మండపమే చాలినంత స్టూడియో యై యుండెడిది.

ఇంకను అట్టివారు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. కార్తికమున క్రొత్త వడ్లు రాకముందు గిడ్డంగి ఖాళీగా నుండును, మిల్లువారు సమ్మతించిరి. వృద్ధులను అక్కడికి రప్పింపనక్కరలేదు. వారికి అలవాటైన మండపమున, వారు ఎప్పుడును కూర్చుండు తావుననే రికార్డు చేయవచ్చును. పిల్లల పాటలను మాత్రము గిడ్డంగిలో పట్టుదము. ప్రతి రికార్డుతోను ఒక కాగితము జతచేయవలెను: వాయించినవారి పేరు, పాట పేరు, నేర్పినవారెవరు, వేణువు పొడవు, తేది, వేళ, ఆ వేళ ఉష్ణము, చోటు పొడవు వెడల్పు ఎత్తు, ఫోనుకు వేణువుకు నడుమ దూరము. ఎనిమిదవ తరగతివారు టేపుతో కొలతలు తీయుదురు. తొమ్మిదవ తరగతివారు సాబిన్ లెక్క కట్టి, చప్పట్లతో సరిచూతురు. తమ ఇంట గాని, వీధిలో గాని వేణువు ఊదు పెద్దలున్న విద్యార్థులు దసరా సెలవులకు ముందు తెలుగు ఉపాధ్యాయునికి తెలుపవలెను.